మార్కోవా గ్రామంలో మంచి సమరయులు



మంచి సమరయుని ఉపమానం మన సండేస్కూలు పిల్లలు సైతం చెప్పగలరు. అయితే ఆ ఉపమానాన్ని తమ ప్రాణాలతో నెరవేర్చిన ఒక రైతు కుటుంబాన్ని గూర్చి ఈ నెల మీకు చెప్పగోరుతున్నాము.

పోలండ్ దేశపు ఆగ్నేయ భాగంలో మార్కోవా అనే పల్లె ఉంది. 1939 సెప్టెంబరులో జర్మన్ సైన్యం ఆ దేశం మీద పడింది. అది మొదలు రైతు తన ధాన్యం, పాలు, మాంసంలో వారు విధించిన భాగాన్ని అప్పగించవలసిందే. సొంత పందిని అనుమతి లేకుండా కోసుకున్నా నేరమే. యువతీ యువకులను వెట్టిపనికి జర్మనీకి తరలించారు. 1941 అక్టోబరు 15 నాటి శాసనం ప్రకారం, యూదులకు చోటిచ్చినవారికి మరణశిక్ష.

అటువంటి దినాలలో యూజెఫ్ ఉల్మా, ఆయన భార్య విక్టోరియా 8 మంది యూదులను తమ ఇంటి అటక మీద దాచారు. యూజెఫ్ ధనవంతుడు కాడు. పండ్లమొక్కలు, తేనెటీగలు పెంచేవాడు, ఫోటోలు తీసేవాడు. ఇంట్లో ఆరుగురు పసిపిల్లలు.

ఈ సంగతి జర్మన్ పోలీసుల చెవిన పడింది. 1944 మార్చి 24 తెల్లవారుజామున వారు వచ్చి మొదట యూదులను, తరువాత యూజెఫ్‌ను, నిండు గర్భిణి విక్టోరియాను, చివరకు పిల్లలందరినీ కాల్చి చంపారు. పెద్దపాపకు 8 ఏండ్లు కూడా నిండలేదు.

ఆ ఇంటి బైబిలులో మంచి సమరయుని ఉపమానం దగ్గర గీత గీసి, తమ భాషలో 'ఔను' అని వ్రాసి ఉంది.

ఈ సంగతి మా సంఘంలో చెప్పినప్పుడు ఒక తల్లి లేచి, "అయ్యగారూ, పసిబిడ్డలున్నవారు అంత సాహసం చేయవచ్చునా?" అని అడిగింది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇప్పటికీ ఆ ప్రశ్న తేలికైనదనము. అయితే ఆ అటక మీద కూడా ఒక తల్లి, ఆమె చిన్నబిడ్డ ఉన్నారు. ఆ తలుపు మూస్తే వారు ఎక్కడికి పోగలరు?

ఆ ఘోరాన్ని కళ్లారా చూసి కూడా ఆ ఊరి రైతులు కొందరు తాము దాచినవారిని బయటకు నెట్టలేదు. సుమారు 20 మంది యూదులు ఆ పల్లె ఇండ్లలోనే బ్రతికి బయటపడ్డారు.

1995లో ఇశ్రాయేలులోని యాద్ వషేమ్ సంస్థ ఉల్మా దంపతులను గౌరవించింది. 2023 సెప్టెంబరు 10న కథోలిక సంఘం ఆ కుటుంబమంతటినీ ధన్యులుగా ప్రకటించింది. మన సంఘాచారాలు వేరైనా వారు చదివిన ఉపమానం మనదే.

మన గడపకు వచ్చేవారు మన ప్రాణాలు అడగరు. గుక్కెడు నీళ్లు, ఒక రాత్రి అరుగు మీద చోటు అడుగుతారు. వారి కులమేదని అడగకముందే మనం ఏమంటాము? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ ఉపమానం తెరవండి. దాని ప్రక్కన మనం ఏమి వ్రాస్తామో ఇంటిల్లిపాదీ ఆలోచించండి.