కాలేజీ దాటాక ఆ అక్కచెల్లెళ్ళు ఏమవుతారు?

2020 ఆగస్టులో కమలా హ్యారిస్‌ను ఉపాధ్యక్ష పదవికి నిలబెడుతున్నట్టు ప్రకటించాక, ప్రచార నిధికి ఒకే మొత్తం మళ్ళీ మళ్ళీ రావడం మొదలైంది: 19 డాలర్ల 8 సెంట్లు. వేలమంది సరిగ్గా అంతే పంపారు. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సంఘం పెట్టుకున్నారు. ఆ సంవత్సరమే ఈ చందాగా మారింది. హోవర్డ్‌లో చదివే రోజుల్లో హ్యారిస్ అందులో చేరారు. ఆమె డిగ్రీ పూర్తయింది 1986లో. 34 ఏళ్ళ తరవాత కూడా తోటి సభ్యులు ఆమెను తమ ఇంటి ఆడపడుచుగానే లెక్కేసుకున్నారు.

గ్రీకు అక్షరాల పేర్లతో అమెరికా కాలేజీల్లో ఉండే ఇలాంటి ఆడపిల్లల సంఘాలను సొరారిటీలంటారు. కిందటేడు టెక్సాస్‌లో మా అక్క కూతురు డిగ్రీలో చేరాక ఈ మాట మా ఇంట్లో రోజూ నలిగేది. "చేరితే తాగుడు, తిరుగుడు అలవాటవుతాయేమోనే" అని అక్క ఒకరోజు ఫోన్ చేసేది. మర్నాడు మళ్ళీ, "చేరకపోతే రేపు ఉద్యోగానికి మాట సాయం చేసేవాళ్ళు ఉండరటగా" అనేది. రెండు భయాలూ సినిమాల్లోంచి, 2021లో ఫోన్లన్నీ చుట్టేసిన అలబామా విశ్వవిద్యాలయం రష్ వీడియోల్లోంచి పుట్టినవే. రష్ అంటే సంఘంలోకి కొత్తవాళ్ళను ఎంచుకునే తతంగం. ఆ వీడియోల్లో కనిపించేవి పద్దెనిమిదేళ్ళ పిల్లల బట్టలు, నగలు. అదే పిల్ల ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు ఎవరితో కూర్చుని అన్నం తింటుందో, కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేస్తుందో వాటిలో దొరకదు. నాకు కావలసింది అదే.

అపోహ: డిగ్రీ చేతికొచ్చిన రోజుతో సొరారిటీ అయిపోతుంది.

నల్లజాతి మహిళల సంఘాల విషయంలో ఇది పూర్తిగా తప్పు. వాటికి ఊరూరా గ్రాడ్యుయేట్ చాప్టర్లున్నాయి. కాలేజీ రోజుల్లో సంఘంలో చేరనివాళ్ళు డిగ్రీ అయ్యాక కూడా వాటి ద్వారా సభ్యులు కావచ్చు. చదువు నాలుగేళ్ళు, సభ్యత్వం జీవితమంతా.

1935 వేసవిలో ఆల్ఫా కప్పా ఆల్ఫా సభ్యులు మిసిసిపీ డెల్టాలోని పత్తి పొలాల కూలీలకు వైద్యం చేద్దామని బయల్దేరారు. నాయకత్వం డాక్టర్ డొరొతీ ఫెరబీది. అప్పటికే ఆమె పేరున్న వైద్యురాలు. వెంట ఉన్నవాళ్ళూ చదువు ముగించి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళే. తీరా అక్కడికెళ్ళాక, కూలీలు పొలం వదిలి క్లినిక్‌కి రావడానికి భూస్వాములు ఒప్పుకోలేదు. ఈ ఆడవాళ్ళు వెనక్కి తిరగలేదు. కార్లలో మందులు సర్దుకుని పొలాల మధ్యకే వెళ్ళారు. పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు, పళ్ళు చూశారు, ఏం తినాలో తల్లులకు చెప్పారు. 1942 దాకా ఏటా వేసవిలో ఇదే పని. సెలవులొస్తే విశ్రాంతి తీసుకోవలసిన మనుషులు మట్టి రోడ్ల మీద కలిసి తిరిగారు. చదువైపోయాక ఆడవాళ్ళ స్నేహం ఎలా నిలుస్తుందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కార్లే.

ఈ మధ్య అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అలాంటి కారొకటి కళ్ళారా చూశాను. పక్కింటావిడ రిటైరైన టీచరు. గులాబీ రంగు చొక్కా, ఆకుపచ్చ స్కార్ఫు, ఆల్ఫా కప్పా ఆల్ఫా రంగులే. డిక్కీ నిండా చిన్న చిన్న సంచులు, ఒక్కోదాంట్లో ఓట్స్, పాల పొడి, పళ్ళరసం డబ్బా. శని, ఆదివారాల్లో బడి భోజనం ఉండదు కదా, ఆ రెండు రోజులూ పిల్లలు పస్తుండకుండా ఇస్తారట. నేనూ నాలుగు సంచులు అందించాను. "ఈ పని చేసేవాళ్ళంతా మీ క్లాస్‌మేట్లా?" అని అడిగితే నవ్వింది. ఆ పని చేసే పదకొండు మందిలో ఆమెతో కలిసి చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ ఈ ఊరొచ్చాక పరిచయమైనవాళ్ళే.

నల్లజాతి సంఘాల సంగతి ఇది. జాతీయ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సమాఖ్య కింద మరో 26 సొరారిటీలున్నాయి. వీడియోల్లో కనిపించేవి ఎక్కువగా ఇవే. వీటిలోనూ సభ్యత్వం జీవితకాలమే. కానీ పూర్వ సభ్యుల క్లబ్బు ఒక ఊళ్ళో చురుగ్గా ఉంటే, ఇంకో ఊళ్ళో ఏడాదికో విందుతో సరిపెడుతుంది.

అపోహ: చేరితే ప్రాణ స్నేహితురాళ్ళు దొరికినట్టే.

ఒకరు మనకు ఓ మోస్తరు స్నేహితులు కావడానికి 50 గంటలు, దగ్గరివాళ్ళు కావడానికి 200 గంటల పైన కలిసి గడపాలని కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో లెక్కగట్టారు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకే వంటగదిలో తిరిగే అమ్మాయిలకు ఆ గంటలు తెలియకుండానే పోగవుతాయి. ఒకరు సియాటిల్‌కి, ఇంకొకరు అట్లాంటాకి వెళ్ళాక కొత్త గంటలు చేరవు. చివరికి నిలిచేది నలుగురైదుగురు. మిగతావాళ్ళు పండక్కి మెసేజ్ పెట్టే పరిచయస్తులు. ఆ పరిచయాలనూ తీసిపారేయకూడదు. ఉద్యోగం కబురు దగ్గరివాళ్ళ కంటే దూరపు పరిచయాల ద్వారానే ఎక్కువగా వస్తుందని మార్క్ గ్రానొవెటర్ 1973లోనే చూపించారు.

అపోహ: సభ్యత్వం ఉంటే జీతం, హోదా వాటంతటవే పెరుగుతాయి.

అక్కను ఎక్కువగా ఊరించింది ఇదే. "36 శాతం ఎక్కువ సంపాదన" అన్న అంకె ఎవరో ఆమెకు చెప్పారు. ఆ అంకె ఉన్న మాట నిజమే. ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల మీద ఆర్థికవేత్తలు చేసిన పరిశీలనలోది. అయితే అది మగవాళ్ళ సంఘాలైన ఫ్రటర్నిటీలది. మార్కులు పావు పాయింటు తగ్గాయి, సంపాదన పెరిగింది అని అందులో తేలింది. దాన్ని ఆడపిల్లలకు అంటగట్టడం తప్పు. 2014 గాలప్ సర్వేలో పనిలో మనసు పెట్టి చేస్తున్నామన్నవాళ్ళు ఫ్రటర్నిటీ, సొరారిటీ రెండిటి పట్టభద్రుల్లో 43 శాతం, మిగతావాళ్ళలో 38 శాతం. తేడా ఉంది. అది సంఘం వల్ల వచ్చిందా, చేరకముందే ఉన్న ఇంటి బలం వల్ల వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు.

ఈ ప్రశ్నకు జవాబు దగ్గరిదాకా వెళ్ళిన పుస్తకం 2013లో వచ్చిన 'పేయింగ్ ఫర్ ద పార్టీ'. ఎలిజబెత్ ఆర్మ్‌స్ట్రాంగ్, లారా హామిల్టన్ ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం హాస్టల్లో ఒకే అంతస్తులో ఉన్న అమ్మాయిలను ఐదేళ్ళపాటు గమనించారు. కలవారి అమ్మాయిలు సొరారిటీ, పార్టీల దారిలో వెళ్ళి తేలిక కోర్సులు చదివినా, తల్లిదండ్రుల పరిచయాలతో పెద్ద ఊళ్ళలో కుదురుకున్నారు. అదే దారి పట్టిన సామాన్య కుటుంబాల పిల్లలకు మాత్రం అప్పులు మిగిలాయి, తగిన ఉద్యోగాలు దొరకలేదు. బట్టలు, చందాలు, ప్రయాణాలు ఒకటే, వెనకున్న ఇల్లు వేరు. అప్పు చేసి పిల్లల్ని చదివించే మనవాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి.

అపోహ: ఇది తెల్లవాళ్ళ వ్యవహారం, మనకెందుకు?

అలబామాలో పాత సొరారిటీలు నల్లజాతి అమ్మాయిలను దూరం పెడుతున్నాయని విద్యార్థుల పత్రిక బయటపెట్టింది 2013లో. ఆ తరవాతే అవి తలుపులు తెరిచాయి, అంత ఆలస్యం సిగ్గుచేటు. మరోపక్క, 1998లో టెక్సాస్‌లోనే దక్షిణాసియా అమ్మాయిలు ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా మొదలుపెట్టారు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లకు ఇంట్లో ఒక తీరు, బయట ఒక తీరు. ఆ రెంటి మధ్య నలగడం తెలిసినవాళ్ళు అక్కడ దొరుకుతారు.

ఇక ఏ సంఘంలోనూ చేరనివాళ్ళు ఒంటరైపోతారన్న మాట నేను నమ్మను. చదువుకునే రోజుల్లో మా అక్కకు సొరారిటీ పేరే తెలియదు. పాతికేళ్ళ కిందట ఆమెతో గది పంచుకుని, వంతులవారీగా పప్పు వండిన ముగ్గురూ ఈనాటికీ ఒకరికి అవసరమొస్తే ఒకరు విమానమెక్కి వెళ్తారు. ఆ గదిలో గడిచిన గంటలు తక్కువేం కాదు.

అక్క కూతురు చివరికి రెండు సంఘాల సమావేశాలకు వెళ్ళింది. వెళ్ళేముందు ఫోన్ చేసి, "పిన్నీ, ఏం అడగను?" అంది. చందా ఎంతో ఎలాగూ చెబుతారు, డిగ్రీ అయినవాళ్ళు ఈ ఊళ్ళో ఎక్కడ, ఎన్నాళ్ళకోసారి కలుస్తారో, కలిసి ఏం చేస్తారో అడగమన్నాను. ఒకచోట పాత ఫోటోల ఆల్బమ్ చూపించారట. రెండోచోట ఒక సీనియర్ ఫోన్ తీసి, వచ్చే శనివారం పొద్దున తొమ్మిదింటికి రమ్మని ఒక లైబ్రరీ చిరునామా పంపింది. అక్కడ పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే పని, వచ్చేవాళ్ళలో సగంమంది నలభై దాటినవాళ్ళట. మా పిల్ల అలారం పెట్టుకుంది.