నీటి విమానానికి పరుగే గండం

రన్‌వే మీద పరుగెత్తే విమానానికి కాళ్ల కింద నేల కదలదు. నీటి మీద నుంచి లేచే విమానానికి ఆ భరోసా లేదు. అల, అడ్డుగాలి, దారిన పోయే పడవ అన్నింటితోనూ కొద్ది క్షణాల్లోనే లెక్క తేల్చుకోవలసి ఉంటుంది. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు నీటి విమానంలో ప్రయాణించిన దరిమిలా, ఇది మనకు దూరపు ముచ్చట కాకుండా పోయింది.

ఆ ప్రదర్శనకు రెండు నెలలు తిరగకముందే, 2025 జనవరి 7న, ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని రాట్‌నెస్ట్ దీవి వద్ద సెస్నా కారవాన్ విమానం పైకి లేచే ప్రయత్నంలోనే నీటిలో కూలిపోయింది. అందులోని ఏడుగురిలో పైలట్ సహా ముగ్గురు దుర్మరణం పాలయ్యారు. అంతకుముందు 2024 జూన్ 8న కెనడాలోని వాంకూవర్ నౌకాశ్రయంలో గాలిలోకి లేస్తున్న బీవర్ విమానం ఒక పడవను ఢీకొన్నది. పడవలోని వారు గాయపడ్డారు. ప్రాణనష్టం తప్పడం అదృష్టమే.

నీటి విమానం మొదట పడవ వలెనే బరువుగా కదులుతుంది. వేగం పుంజుకున్న కొద్దీ చక్రాల స్థానంలో ఉండే ఫ్లోట్లు నీటిని చీల్చడం మాని, ఉపరితలంపై జారసాగుతాయి. ఆ దశకు చేరేవరకు నీటి నిరోధం విపరీతం. విచిత్రమేమంటే, అద్దంలా నిశ్చలంగా ఉన్న నీరు కూడా మంచిది కాదు. అది ఫ్లోట్లను అంటిపెట్టుకుని ఒక పట్టాన వదలదు, పరుగు పొడవవుతుంది. చిరు అలలుంటేనే మేలు. జారే దశలో ముక్కు కోణం తప్పితే విమానం ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. వెంటనే అదుపు చేయకుంటే ఊపు పెరిగి బోల్తా పడుతుంది.

బోల్తా తర్వాతి ఘట్టమే అసలు ప్రాణాంతకం. 2009 నవంబరు 29న కెనడాలోని సాటర్నా దీవి వద్ద పైకి లేస్తూ కూలిన విమానంలో ఎనిమిది మంది ఉండగా ఆరుగురు నీట మునిగి మరణించారు. తలుపులు బిగుసుకుపోయాయి. సులువుగా ఊడివచ్చే ద్వారాలు అమర్చాలని, ప్రయాణికులు రక్షణ జాకెట్లు ధరించే కూర్చోవాలని కెనడా రవాణా భద్రతా మండలి సిఫారసు చేసింది. జాకెట్‌ను లోపలే ఊదుకుంటే మాత్రం ముప్పు. 1996లో కొమొరోస్ తీరాన సముద్రంలో పడిన ఇథియోపియా విమానంలో అలా ఊదుకున్నవారు పైకి తేలి క్యాబిన్‌లోనే చిక్కుకుపోయారు.

మన దేశంలో నీటి విమానాలకు అడ్డుపడినది ఇంతవరకు ప్రమాదాల కంటే ఖర్చే. అండమాన్ కోసం 2010 డిసెంబరులో ప్రారంభించిన ‘జల్ హంస’ నిలదొక్కుకోలేదు. సబర్మతి నుంచి కేవడియాకు 2020 అక్టోబరు 31న ప్రారంభించిన సర్వీసు 2021లోనే ఆగిపోయింది. కేవడియాలో విమానం దిగేందుకు జలాశయంలోని మొసళ్లను సైతం తరలించవలసి వచ్చింది. కృష్ణలో మొసళ్ల బెడద అంతగా లేకపోవచ్చు. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి తిరిగే పర్యాటక బోట్లు, శ్రీశైలం జలాశయంలో జాలర్ల పుట్టీలు మాత్రం ఉన్నాయి. విమానం పరుగెత్తే ఆ కొద్ది క్షణాలూ నీటిదారిని ఖాళీగా ఉంచే బాధ్యత ఎవరిదో సర్వీసు మొదలు కాకముందే తేలవలసి ఉన్నది.