హుద్‌హుద్ తర్వాత మిత్రుల ఇంట

హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) కొలువులో ఒకనాడు హుద్‌హుద్ పిట్ట కనిపించలేదు. ఆలస్యంగా వచ్చినా సబా దేశపు కబురు మోసుకొచ్చింది. దివ్య ఖుర్‌ఆన్ నమ్ల్ సూరాలో ఈ ఉదంతం ఉంది. ఒమన్ సూచించిన ఆ పిట్ట పేరే 2014లో తుఫానుకు పెట్టారు. అక్టోబర్ 12, ఆదివారం నాడు అది విశాఖపట్నం వద్ద తీరం దాటింది. బక్రీద్ జరిగి అప్పటికి ఆరు రోజులే.

మేం కొందరు ఉపాధ్యాయులం భీమిలి దాటాక ఒక మత్స్యకార పల్లెలో పది రోజులున్నాం. బియ్యం పంచాం, కూలిన చెట్లు తొలగించాం, ఇళ్ల కప్పులకు టార్పాలిన్లు కట్టాం. పదిహేను రోజులకు తక్కువ ఉండే నియ్యత్ గనుక హనఫీ ఫిఖహ్ ప్రకారం ముసాఫిర్లమే. నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగానే చదువుకున్నాం. "పట్నంలో మీవాళ్లకేం మాస్టారూ, మేడలు!" అనేవారు పల్లెవాళ్లు.

తిరుగు దారిలో విశాఖ మిత్రులను చూడబోయాం. మెహమాన్ మర్యాద మూడు రోజులని, ఇంటివారిని ఇబ్బందిలో పడేసేదాకా ఉండరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఈ రెండో మాట మన తఖ్రీర్లలో తక్కువగా వినిపిస్తుంది.

ఓడరేవు దగ్గర మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి ఉన్నాయి గదా, ఆ వన్‌టౌన్‌లోనే ఒక మిత్రుడి ఇల్లు. పై గది రేకులు ఎగిరిపోయాయి. పిల్లల పుస్తకాలు తడిసి ఉబ్బాయి. కరెంటు లేనన్నాళ్లూ బిందెలతో నీళ్లు మోశారట. భాభీ బిర్యానీకి సిద్ధమైతే ఖిచిడీ చాలన్నాం.

మా సంచిలో ఒక టార్పాలిన్ మిగిలి ఉంది. ఇచ్చేద్దామని ఒకరన్నారు. కానీ అది బెస్తవారి పేర వసూలైన సొమ్ము, అమానత్. మిత్రుడైనంత మాత్రాన మార్చే హక్కు మనకెక్కడిది? మా డబ్బులేసుకుని బజారులో వేరేది కొన్నాం. అతను మొహం ముడుచుకున్నాడు. "ఇమ్దాద్ అయితే వద్దు భాయ్, హదియా అయితే తీసుకుంటా" అన్నాడు. హదియానే అన్నాం. అందరం కలిసి సాయంత్రానికి కట్టేశాం.

ఉక్కునగరం మిత్రుడు నైట్ షిఫ్టు దిగి ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు. తుఫానుకు కరెంటు పోయి కర్మాగారంలో ఉత్పత్తి ఆగింది. కోక్ ఓవెన్లు చల్లారితే లోపలి ఇటుక పగులుతుందని, వేడి నిలపడమే పెద్ద పనని చెప్పాడు. అతన్ని పడుకోనిచ్చి మేం మస్జిదుకు వెళ్లాం. లేచాక, మిగిలిన టార్పాలిన్ సెలవు రోజున తానే పల్లెకు చేరుస్తానని దారి అడిగి రాసుకున్నాడు.