నవంబర్ 16: గోపీచంద్ పుట్టినరోజే కాదు.. సీమకు మాటిచ్చిన రోజు కూడా! శ్రీబాగ్ ఒప్పందంలో అసలేముంది?

చరిత్రలో ఈ రోజు: నవంబర్ 16 అనగానే క్రీడాభిమానులకు ముందు గుర్తొచ్చేది బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ పుట్టినరోజు. ఆ తర్వాత వాంఖడేలో పిచ్‌కు దండం పెట్టి కన్నీళ్లతో వెళ్లిపోయిన సచిన్. కానీ కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు ఈ తేదీకి ఇంకో లెక్క ఉంది. 1937లో సరిగ్గా ఇదే రోజున మద్రాసులోని ఓ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. అదే శ్రీబాగ్ ఒప్పందం. రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ, కృష్ణా నీళ్లు ముందు ఎవరికి అన్న గొడవ లేచిన ప్రతిసారీ వినిపించే పేరు ఇది.

ముందు పుట్టినరోజుల సంగతి చూసేద్దాం. గోపీచంద్ 1973లో పుట్టారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ ఘనత సాధించిన రెండో భారతీయుడు ఆయనే. 'ఆపద్బాంధవుడు'లో చిరంజీవి పక్కన నటించిన మీనాక్షి శేషాద్రి పుట్టింది కూడా ఈ రోజే, 1963లో. సచిన్ 200వ టెస్టుతో ఆటకు వీడ్కోలు చెప్పింది 2013 నవంబర్ 16న. భారతరత్న ప్రకటన కూడా అదే రోజు వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1915లో లాహోర్ జైల్లో గదర్ వీరుడు కర్తార్ సింగ్ సరాభాను ఉరి తీశారు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్లే.

ఇవాళ జాతీయ పత్రికా దినోత్సవం కూడా. 1966లో ప్రెస్ కౌన్సిల్ పని మొదలుపెట్టింది ఈ తేదీనే. 'ఈనాడు' వ్యవస్థాపకుడు రామోజీరావు పుట్టిందీ నవంబర్ 16నే, 1936లో. విచిత్రం ఏంటంటే, శ్రీబాగ్ ఒప్పందం జరిగింది కూడా ఒక పత్రికాధిపతి ఇంట్లోనే! అమృతాంజనం తయారు చేసి, ఆ డబ్బుతో 'ఆంధ్రపత్రిక' నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు ఇంటి పేరే శ్రీబాగ్. ఒప్పందం జరిగిన ఐదు నెలలకే, 1938 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు.

ఇంతకీ ఒప్పందం అవసరం ఎందుకొచ్చింది? మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం కావాలని కోస్తా నాయకులు గట్టిగా అడుగుతున్న రోజులవి. సీమ నాయకులకు మాత్రం అనుమానం. చదువుల్లో, పలుకుబడిలో కోస్తా ముందుంది. ఆంధ్రా యూనివర్సిటీ వాల్తేరుకు వెళ్లిపోయింది. సీమ కాలేజీలు మద్రాసు యూనివర్సిటీ కిందే ఉండిపోయాయి. కొత్త రాష్ట్రం వస్తే మన గతేంటి అన్నదే వాళ్ల ప్రశ్న. సీమ తరఫున కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, కోస్తా తరఫున కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య లాంటి వాళ్లు సంతకాలు చేశారు. కడప వెళ్లిన వాళ్లకు కోటిరెడ్డి సర్కిల్ తెలిసే ఉంటుంది. ఆ కోటిరెడ్డే ఈయన.

కాగితం మీద ఏం రాసుకున్నారు? రాజధాని, హైకోర్టు.. రెండూ ఒకేచోట ఉండకూడదు. ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు. ఏది కావాలో కోరుకునే హక్కు సీమదే. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం పెట్టాలి. చట్టసభలో సాధారణ సీట్లు జిల్లాలకు సమానంగా ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యమైంది నీళ్లు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్ల వాడకంలో పదేళ్ల పాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, సీమ, నెల్లూరు ప్రాజెక్టులకే తొలి ప్రాధాన్యం.

మరి జరిగిందేంటి? 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. సీమ రాజధానిని కోరుకుంది, కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. అంటే ఆ మాట మాత్రం నిలబడింది. అయితే మూడేళ్లే! 1956 నవంబర్ 1 నుంచి రెండూ హైదరాబాద్‌లోనే. రాష్ట్ర విభజన తర్వాత రాజధాని అమరావతి అయింది, 2019 జనవరి 1 నుంచి హైకోర్టు కూడా అక్కడే. కర్నూలులో బెంచ్ పెట్టాలని 2024 నవంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసింది. అనంతపురానికి సొంత యూనివర్సిటీ 1981లో వచ్చింది. ఒప్పందం నుంచి లెక్కేస్తే 44 ఏళ్లు. జిల్లాలకు సమానంగా సీట్లు అన్న మాట అమలు కానే లేదు.

నీళ్ల కథే పెద్దది. సీమ మీదుగా కృష్ణా నీళ్లు తీసుకెళ్లే కృష్ణా-పెన్నార్ ప్రాజెక్టును మద్రాసు ప్రభుత్వం ఆలోచించింది. ఆ నీళ్లు తమిళ ప్రాంతానికి పోతాయని ఆంధ్ర నాయకులు అడ్డం తిరిగారు. ప్రాజెక్టు పక్కకు పోయింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసింది నాగార్జునసాగర్‌కు. ఎర్రగుంట్లకు దగ్గర్లో పెన్నా మీద ఉన్న గండికోట జలాశయానికి శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు ఇప్పుడు వస్తున్నాయి. జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. కాకపోతే ఆ నీళ్లు తెచ్చే గాలేరు-నగరి పథకం వరద జలాల మీద ఆధారపడింది. శ్రీశైలానికి వరద రాని ఏడాది ఇక్కడి రైతు మళ్లీ ఆకాశం వైపు చూడాల్సిందే. నీళ్లకు ఇంత కరువున్న ఎర్రగుంట్ల మండలంలోనే 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ ప్లాంట్ ఉంది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు కూడా.

రేపు, ఎల్లుండి తేదీలు కూడా సీమవే. 1928 నవంబర్ 17, 18 తేదీల్లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. నిజాం 1800లో ఇంగ్లీషు వాళ్లకు అప్పగించిన ఈ జిల్లాలను అప్పటిదాకా 'దత్తమండలాలు' అనేవాళ్లు. అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల. ఆ పేరు తీసేసి 'రాయలసీమ' అని పిలుద్దామని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదిస్తే నంద్యాలలో ఒప్పుకున్నారు. అందుకే నవంబర్ 18ని రాయలసీమ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

ఆ నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు నేరుగా రైలు దారి రావడానికి మాత్రం 2016 దాకా ఆగాల్సి వచ్చింది. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా 123 కిలోమీటర్లు.