గోదావరి ఒడ్డున కాపురం

"డాక్టరు గారూ! మా వారు త్వరలో రిటైరవుతున్నారు. ముప్పై ఏళ్ళు పట్నంలో బస్సుల మోత, పక్కింటి రేడియో మోత మధ్య గడిపి విసిగిపోయాం. భద్రాచలంలో గోదావరి ఒడ్డుకు దగ్గరగా చిన్న ఇల్లు ఒకటి చూశాం. రాములవారి సన్నిధి, నదిగాలి, చుట్టూ అడవి. మా అబ్బాయి మాత్రం మన్యం జ్వరం పట్టుకుంటుందని భయపెడుతున్నాడు. మేము వెళ్ళవచ్చునా?"

ఇలాంటి ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. జవాబు ఒకటే. నిక్షేపంగా వెళ్ళండి. కాని పూర్తి నిశ్చింతగా కాదు, కాస్త చింతతో వెళ్ళండి.

నది ఒడ్డున ఉండే హాయి కాదనలేనిది. తెల్లవారుజామున గుడిగంట, శీతాకాలంలో నీళ్ళ మీద పొగమంచు, సాయంత్రం ఇసుకతిన్నెల మీద నడక, రాత్రి తొమ్మిదయ్యేసరికి సద్దుమణిగే వీధి. ఒక్క శ్రీరామనవమి రోజుల్లో తప్ప హడావుడి తక్కువ. మోత తగ్గితే నిద్ర బాగా పడుతుంది, నిద్ర పడితే రక్తపోటుకూ మంచిదే. అంతమాత్రాన "ఇక్కడికి వచ్చాక ప్రాణం హాయిగా ఉంది కదా" అని బి.పి. బిళ్ళలు మానేయకండి. అలా మానేసి పక్షవాతంతో వచ్చినవారిని చూశాను. గోదావరి గాలి మందుకు తోడే గాని మందుకు బదులు కాదు.

ఇద్దరు పిల్లల కథ

నేను మన్యంలో పనిచేస్తున్న రోజుల్లో జరిగిన సంగతి చెబుతాను. రిటైరయిన ఒక మాస్టారు భార్యతో సహా ఏటి ఒడ్డున ఇల్లు తీసుకున్నారు. దసరా సెలవులకు ఏడేళ్ళ మనవడు పట్నం నుంచి వచ్చాడు. తాతా బామ్మా లోపల దోమతెరలో పడుకునేవారు. కుర్రవాడు మాత్రం చల్లగా ఉందని వరండాలో మంచం వేయించుకుని, తెర లేకుండా పడుకునేవాడు. సెలవులు గడిచాయి, పిల్లవాడు పట్నం వెళ్ళాడు. వెళ్ళిన వారానికి జ్వరం వచ్చింది. అక్కడ పెద్ద డాక్టరుకే చూపించారు. వైరల్ జ్వరమన్నారు, సిరప్ ఇచ్చారు. మూడవనాడు ఫిట్స్ వచ్చి స్పృహ తప్పింది. అప్పుడు గాని రక్తంలో మలేరియా క్రిమి కోసం వెతకలేదు. అది ఫాల్సిపరం రకం, మెదడుకు ఎక్కింది. రెండు రోజులు పిల్లవాడు కన్ను తెరవలేదు. భగవంతుడి దయ, సకాలంలో పడిన ఇంజక్షన్ల పుణ్యం, బతికి బయటపడ్డాడు.

అదే నెలలో ఏటికి అవతల గూడెంలో ఒక కోయ పిల్లవాడికీ అదే జ్వరం వచ్చింది. ఆశా కార్యకర్త ఆ పూటే వేలికొన నుంచి నెత్తురు చుక్క తీసి కిట్టు మీద పరీక్ష చేసింది, మందు మొదలుపెట్టించింది. నాలుగవనాడు వాడు వాగులో ఈత కొడుతున్నాడు.

ఇద్దరికీ క్రిమి ఒకటే. తేడా ఎక్కడ వచ్చింది? గూడెంలో జ్వరం అనగానే మొదట మలేరియా గుర్తుకు వస్తుంది. పట్నంలో "బాబు ఈ మధ్య ఎక్కడ పడుకున్నాడు?" అని ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాలని ఇంట్లోవారికీ తోచలేదు.

నీళ్ళు పడక కాదు

"మన్యం నీళ్ళు పడలేదు" అనడం మనవాళ్ళకు అలవాటు. తాగే నీటితో మలేరియా రాదు. దోమ వల్ల వస్తుంది. ఆ క్రిమిని దోమ కడుపులో మొదట పట్టుకున్నది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దానిని కనిపెట్టాడు.

దీనిని మోసుకువచ్చేది ఎనాఫిలిస్ జాతి ఆడదోమ. మురుగు కంటె దీనికి మంచినీరే ఇష్టం. అడవి అంచున మెల్లగా పారే వాగులు, చెలమలు, వరద తీశాక మిగిలిన మడుగులు దీని పుట్టిళ్ళు. తోక పైకెత్తి, ఏటవాలుగా వాలుతుంది. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. చాలాసార్లు చప్పుడూ వినిపించదు, మంటా తెలియదు.

కుట్టిన వెంటనే జ్వరం రాదు. ఫాల్సిపరం అయితే సాధారణంగా 9 నుంచి 14 రోజులు పడుతుంది. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తరువాత కూడా పైకి రావచ్చు. కనుక పర్ణశాల చూసి, పాపికొండల లాంచీ ఎక్కి, రెండు రాత్రులు ఏటి ఒడ్డున బస చేసి ఇల్లు చేరినవారికి కూడా ఈ మాట వర్తిస్తుంది. ఇంటికి వచ్చాక ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుతో మీరే ముందుగా చెప్పండి: "భద్రాచలం వైపు వెళ్ళి వచ్చాం."

చలి, వణుకు, చెమట వరుసగా వస్తేనే మలేరియా అనుకోకండి. ఫాల్సిపరం జ్వరానికి ఆ వరస ఉండనక్కరలేదు. తలనొప్పి, వాంతులు, ఒళ్ళునొప్పులే ముందు కనిపించవచ్చు. జ్వరం వచ్చిన రోజునే రక్త పరీక్ష చేయించండి. మొదటిసారి ఏమీ లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించండి. మగత, ఫిట్స్, ఆయాసం, కామెర్లు, మూత్రం నల్లబడటం, నీళ్ళు కూడా నిలవని వాంతులు ఉంటే ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచకండి.

మందులు మంచివే ఉన్నాయి. ఫాల్సిపరానికి ఆర్టిమిసినిన్ కలిసిన మందులు మూడు రోజులు వాడతారు. వైవాక్స్‌కు క్లోరోక్విన్‌తో పాటు, దాక్కున్న క్రిమి కోసం ప్రిమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం తగ్గిందని నాలుగవనాడు బిళ్ళలు అటకెక్కించకండి. గర్భిణులకూ చంటిపిల్లలకూ ప్రిమాక్విన్ ఇవ్వకూడదు గనుక సొంత వైద్యం వద్దు.

1976లో మన దేశంలో 64 లక్షల మలేరియా కేసులు నమోదయ్యాయి. ఇప్పుడు అందులో చాలా కొద్ది భాగమే. అది సంతోషమే. కాని జబ్బు తగ్గినకొద్దీ దానిని గుర్తుపట్టే అలవాటూ తగ్గుతోంది. ప్రమాదం అక్కడే ఉంది.

ఒక్క తెర, రెండు రక్షణలు

ఏటి ఒడ్డున కాపురం పెట్టేవారు మంచం కంటె ముందు దోమతెర కొనండి. మందు పట్టించిన తెర అయితే మరీ మంచిది. పొద్దుగూకగానే కట్టి, అంచులు పరుపు కిందకు దోపండి. అప్పుడది దోమకే కాదు, కట్లపాముకూ అడ్డు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారినే ఎక్కువగా కాటు వేస్తుంది. కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారి కనురెప్పలు వాలిపోతుంటే, కడుపునొప్పి, మాట ముద్దగా రావడం ఉంటే పాముకాటని అనుమానించండి. కోయడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం వద్దు. నేరుగా విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

తొట్లు, డ్రమ్ములు వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టండి. గుడ్డు దోమగా మారటానికి ఇంచుమించు వారం, పది రోజులే పడుతుంది.

గోదావరి లేచినప్పుడు

ఇల్లు కొనేముందు వాస్తు తరువాత చూసుకోవచ్చు. "2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?" అని ముందు ఇరుగుపొరుగును అడగండి. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచింది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది.

నా సలహా ఇది. మొదటి హెచ్చరికకు సంచి సర్దండి. రెండవదానికి గడప దాటండి. మూడవదాని కోసం చూడకండి. దారులు మునిగాక 108 బండి కూడా మీ గుమ్మానికి రాలేదు. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవారు ఇంకా ముందే మెరకకు చేరాలి. సంచిలో నెలకు సరిపడా బి.పి., షుగరు మందులు, డాక్టరు చీటీ, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు, టార్చి, దోమతెర ఉండాలి. వరద తీశాక నీళ్ళు బాగా మరిగించి చల్లార్చి తాగండి.

ఇక ఎండలు. వేసవిలో ఇక్కడ రాళ్ళు పగులుతాయి. పదకొండు నుంచి నాలుగు వరకు గడప దాటకండి. మజ్జిగ, నీళ్ళు దాహం వేయకముందే తాగండి. కరెంటు పోయినప్పుడు ఇన్సులిన్ సీసాను మట్టికుండ చల్లదనంలో దాచుకోండి.

అమ్మా! మీ అబ్బాయి భయం అర్థం లేనిది కాదు, అలాగని ఇల్లు వదులుకోనూ అక్కరలేదు. ఆ ఊళ్ళో తరతరాలుగా బతుకుతున్నవారు ఉన్నారు. వెళ్ళండి, ఏటి గాలి పీల్చండి. మనవలు సెలవులకు వచ్చినప్పుడు మాత్రం వరండాలో మంచం వేసే ముందు తెర కట్టండి. తిరిగి పంపేటప్పుడు అరిసెల డబ్బాతో పాటు ఒక చీటీ కూడా పెట్టండి: "నెల లోపల జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. భద్రాచలం వెళ్ళి వచ్చాడని డాక్టరుకు చెప్పాలి."