పక్కవాద్యం నుండి ఏకవాద్యానికి: ద్వారం వెంకటస్వామినాయుడు వాయులీన ప్రస్థానం

ఉపోద్ఘాతం

పాశ్చాత్య దేశాలలో రూపుదిద్దుకొన్న వయొలిన్ 19వ శతాబ్దంలో బాలుస్వామి దీక్షితుల ద్వారా కర్ణాటక సంగీతంలో ప్రవేశించింది. మెట్లు లేని వాద్యం కనుక గమకాలను గాత్రానికి దీటుగా పలికించగలిగింది. అయితే ఆ గుణమే దానిని చాలాకాలం గాయకుణ్ణి అనుసరించే పక్కవాద్యంగా నిలిపివేసింది. దానికి స్వతంత్ర కచేరీ స్థాయిని సాధించినవారిలో ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) అగ్రగణ్యులు. ఈ సాధనను వ్యక్తి ప్రతిభతోపాటు విద్యాసంస్థ నేపథ్యంలోనూ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

జీవితం – విజయనగరం

నాయుడుగారు బెంగళూరులో జన్మించి విశాఖపట్నంలో పెరిగారు. అన్న వెంకటకృష్ణయ్య వద్ద తొలి శిక్షణ పొందారు. చిన్ననాటినుండే చూపు మందగించినా సాధన ఆగలేదు. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా సంగీత కళాశాల ఏర్పడింది. అందులో విద్యార్థిగా చేరవచ్చిన నాయుడుగారిని అధ్యాపకునిగానే నియమించారని ప్రతీతి. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. కేవలం పక్కవాద్య అవకాశాలపై ఆధారపడే కళాకారునికి గాయకుని అభిరుచే హద్దు. స్థిరమైన అధ్యాపక పదవి ఆ హద్దును దాటి ప్రయోగాలు చేసే వెసులుబాటును కల్పించిందని భావించవచ్చు.

వాదన విశిష్టత

ఏకవాద్య కచేరీలో ఆలాపన, కృతి, నెరవు, స్వరకల్పన భారమంతా వాద్యకారునిదే. సాహిత్యం వినిపించదు కనుక పదాల విరుపును కమాను ద్వారానే స్ఫురింపజేయాలి. కమాను దిశ మారిన ప్రతిచోటా నాదంలో అతిసూక్ష్మమైన విరామం ఏర్పడుతుంది. అది గాయకుని ఊపిరి వంటిది. తగని చోట పడితే పదం ముక్కలవుతుంది. నాయుడుగారి నిడుపైన కమాను పట్టు ఈ సమస్యకు సమాధానం. పాశ్చాత్య వాదనలోని కమాను నైపుణ్యాన్ని గ్రహించినా, ఆయన దానిని రాగభావానికే వినియోగించారు.

గుర్తింపు – పరంపర

1941లో మద్రాసు సంగీత అకాడమీ ‘సంగీత కళానిధి’, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. కుమార్తె ద్వారం మంగతాయారు వాయులీన విద్వాంసురాలిగా ప్రసిద్ధి పొందారు. అదే కళాశాలలో ద్వారం నరసింగరావు వద్ద నేర్చిన నేదునూరి కృష్ణమూర్తి గాయకునిగా పేరుగాంచారు.

ముగింపు

వాయులీనం తెలుగునాట సాధించిన స్వాతంత్ర్యాన్ని ఒక మహావిద్వాంసుని కథగా మాత్రమే చదివితే దాని వెనుకనున్న కళాశాల మరుగున పడుతుంది. ద్వారం బాణీ అధ్యయనంలో ఆయన కమానుతోపాటు ఆ తరగతి గదికీ స్థానం ఉండాలి.