పరాయి బడిలో వేసిన బొమ్మ

ఒక దేశంలో హైస్కూలు చదువుతున్న విద్యార్థిని ఒక విద్యా సంవత్సరం పాటో, అందులో సగకాలం పాటో మరో దేశానికి పంపి, అక్కడొక కుటుంబంలో ఇంటిబిడ్డగా ఉంచి, అక్కడి బడిలోనే చదివించే ఏర్పాటును విద్యార్థి వినిమయం అంటారు. వాడుకలో మాత్రం స్టూడెంట్ ఎక్స్ఛేంజి అన్న పేరే స్థిరపడింది. ఈ పిల్లల కోసం వాళ్లను పంపే సంస్థలు, చేర్చుకునే బడులు వ్యాసరచన పోటీలతో పాటు చిత్రలేఖన పోటీలు కూడా పెడుతుంటాయి. బడిపిల్లలకు బొమ్మల పోటీ పెట్టడం కొత్త సంగతేమీ కాదు గాని, ఇక్కడ బొమ్మ వేసేవారు ఒక దేశం వారు, దాన్ని చూసి మార్కులు వేసేవారు మరో దేశం వారు కావడం వల్ల, బొమ్మలోని మంచిచెడ్డలను ఎవరి కంటితో తూచాలన్న చిక్కు మొదటి నుంచీ వెన్నంటే ఉంటుంది.

ఈ వినిమయపు మూలాల్లో ఒకటి యుద్ధభూమిలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, ఏ. పయాట్ ఆండ్రూ అనే అమెరికన్ ఫ్రాన్సులో గాయపడిన సైనికులను ఆసుపత్రులకు చేరవేసే స్వచ్ఛంద అంబులెన్సు దళాన్ని నెలకొల్పాడు. అదే అమెరికన్ ఫీల్డ్ సర్వీస్‌గా, క్లుప్తంగా ఏఎఫ్ఎస్‌గా పేరుపొందింది. రెండో ప్రపంచ యుద్ధంలోనూ అంబులెన్సులు నడిపిన ఆ దళం వారు, యుద్ధం ముగిశాక 1946లో స్టీఫెన్ గలాటీ నాయకత్వంలో న్యూయార్క్‌లో సమావేశమై, దేశాల మధ్య సఖ్యత నిలవాలంటే ఒక దేశపు పిల్లలు మరో దేశపు ఇళ్లలో కొన్నాళ్లు బతకాలన్న తీర్మానానికి వచ్చారు. ఆ మరుసటి ఏడాది పది దేశాల నుంచి 52 మంది విద్యార్థులు అమెరికా చేరారు. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక అక్కడి పిల్లల కోసం సెనేటర్ బిల్ బ్రాడ్లీ చొరవతో ఫ్లెక్స్ అనే పథకం, 2001 సెప్టెంబరు దాడుల దరిమిలా ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లల కోసం 2002లో యెస్ అనే పథకం అమెరికా ప్రభుత్వ ఖర్చుతో మొదలయ్యాయి. యెస్ జాబితాలో భారతదేశం కూడా ఉంది. అమెరికాలో అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఈ విద్యార్థి వయసు పదిహేనేళ్లకు తగ్గకూడదు, పద్దెనిమిదిన్నర దాటకూడదు. ఆతిథ్యమిచ్చే కుటుంబం అందుకు జీతం గాని అద్దె గాని పుచ్చుకోదు. 2000 నుంచి అక్కడ ఏటా నవంబరులో అంతర్జాతీయ విద్యా వారోత్సవం జరుగుతోంది. ఆ వారంలో ఈ పిల్లలు బడుల్లో తమ దేశాన్ని గురించి చెప్పాలి, చూపాలి. వక్తృత్వంలో వెనకబడిన పిల్లవాడికి కుంచె అక్కరకొచ్చే సమయం అదే.

పాఠ్యపుస్తకంలోని ఇంగ్లీషు అర్థమైనంత మాత్రాన భోజనాల బల్ల దగ్గరి ఇంగ్లీషు అర్థమవుతుందన్న హామీ లేదు. అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వే పిల్లవాడి ఇబ్బంది పరభాషలో బతికినవారెవరికైనా తెలిసినదే. బొమ్మకు వ్యాకరణం అక్కరలేదు కాబట్టి, మాటల్లో అయిదో తరగతి పిల్లవాడిలా వినిపించే విద్యార్థి కాగితం మీద తన అసలు వయసుతో కనిపించగలడు. ఈ సూత్రాన్ని లయన్స్ క్లబ్బులు 1988 నుంచి నడుపుతున్న అంతర్జాతీయ శాంతి పోస్టరు పోటీ నియమంగానే పెట్టుకుంది. అది 11 నుంచి 13 ఏళ్ల పిల్లలకు ఉద్దేశించినది గనుక వినిమయ విద్యార్థుల కన్నా కాస్త చిన్నవారి పోటీయే అయినా, దేశాలు దాటే బొమ్మకు ఎలాంటి కట్టుబాట్లు కావాలో దాన్ని చూస్తే తెలుస్తుంది. పోస్టరు ముందువైపు ఏ భాషలోనూ ఒక్క అక్షరం గాని, ఒక్క అంకె గాని ఉండకూడదు. కాగితం 13 అంగుళాలకు 20 కన్నా చిన్నది, 20 అంగుళాలకు 24 కన్నా పెద్దది కాకూడదు. బొగ్గుతోనో, సుద్దతోనో, పాస్టెల్ అనే మెత్తని రంగుకడ్డీలతోనో వేస్తే, పొడి రాలకుండా పైన ఫిక్సెటివ్ అనే అంటుద్రవాన్ని చిమ్మాలి. చుట్టచుట్టి గొట్టంలో పెట్టి పంపేందుకు వీలుగా కాగితం వంగాలి కాబట్టి లామినేషన్ చేయించకూడదు, పైన ఏవీ అతికించకూడదు. ఇక మార్కులకు చూసేవి మూడే: సొంత ఊహ, కళానైపుణ్యం, ఇచ్చిన అంశాన్ని చూపిన తీరు.

అక్షరాలను నిషేధించినంత సులువుగా అరిగిపోయిన గుర్తులను నిషేధించడం ఏ నిబంధనకూ సాధ్యం కాదు. శాంతి అనగానే పావురం, ప్రపంచం అనగానే భూగోళం, స్నేహం అనగానే రంగురంగుల చేతుల కరచాలనం; రెండు దేశాల మధ్య బతుకు అనగానే కాగితాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి, ఒకవైపు తాజ్‌మహల్, ఇంకోవైపు స్వేచ్ఛా ప్రతిమ. తాజ్‌మహల్‌ను ఒక్కసారీ చూడని కడప పిల్లవాడు కూడా దాన్నే వేస్తాడంటే తప్పు పూర్తిగా అతనిది కాదు: అవతలివారు గుర్తుపట్టగలిగే భారతదేశం అంతవరకే అని అతనికి వెళ్లిన నెలలోనే అర్థమై ఉంటుంది. ఒక దేశానికి ప్రతినిధిగా నిలబడమన్నప్పుడు పదహారేళ్ల మనిషి తన సొంత జ్ఞాపకాన్ని పక్కనబెట్టి జెండా అందుకోవడం సహజమే గాని, అందువల్ల బొమ్మ మాత్రం పలచబడుతుంది.

దీనికి బదులు అదే విద్యార్థి ఇంటిముందు ముగ్గును తలచుకున్నాడనుకుందాం. కళ్లాపి చల్లిన నేల ఇంకా చెమ్మగా ఉండగా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి ముందు చుక్కలు పెడతారు. ఆ తరవాత గీత చుక్కలను తాకకుండా వాటి చుట్టూ మెలికలు తిరిగి మళ్లీ బయలుదేరిన చోటికే చేరుతుంది. ఎక్కడైనా చెయ్యి ఆగితే అక్కడ పిండి ఎక్కువ రాలి గీత లావెక్కుతుంది. ఆ లావెక్కిన చోటును కాగితం మీద వేయగలిగినవాడు చెయ్యి ఆగిన క్షణాన్ని కూడా వేసినట్టే. ఆ పక్కనే ఆతిథ్యమిచ్చిన ఇంటి గుమ్మం ముందు మంచు మీద బూట్ల అడుగులు పడి ఉంటే, రెండు ఇళ్ల సంగతి చెప్పడానికి జెండాల అవసరమే రాదు.

అయితే న్యాయనిర్ణేత కన్ను కూడా ఎక్కడో ఒకచోట పెరిగినదే. తకహికో మసుదా, రిచర్డ్ నిస్బెట్, మరి ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో వెలువరించిన పరిశోధనలో అమెరికన్ విద్యార్థులను, తూర్పు ఆసియా విద్యార్థులను ఇల్లు, చెట్టు, నది, మనిషి ఉండేలా ఒక ప్రకృతి దృశ్యం గీయమన్నారు. నేలా నింగీ కలిసినట్టు కనిపించే గీతను దిగంతరేఖ అంటారు. తూర్పు ఆసియా విద్యార్థులు దాన్ని అమెరికన్ల కన్నా ఎత్తున గీశారని, తద్వారా వారి బొమ్మల్లో పరిసరాలకు ఎక్కువ చోటు దక్కిందని తేలింది. ఫొటోలు తీయమన్నప్పుడు కూడా ఎదుటి మనిషిని చిన్నగా, చుట్టూ ఉన్న చోటును పెద్దగా పట్టింది వాళ్లే. ముఖం నిండుగా కనిపించడమే మంచి రూపచిత్రమని నేర్చుకున్న పరీక్షకుడు అలాంటి బొమ్మకు కూర్పు కుదరలేదని మార్కులు తగ్గించే ప్రమాదం ఉంది. తెలంగాణలోని చేర్యాల నకాశీ పటాలను చూడండి: ఎర్రని నేపథ్యం మీద కథ అంతస్తులు అంతస్తులుగా నడుస్తుంది, దూరాన ఉన్నది చిన్నదిగా కనబడాలన్న నియమం అక్కడ వర్తించదు, ఎందుకంటే ఆ పటాన్ని విప్పుతూ కథ చెప్పేవారు పక్కనే ఉంటారు. ఆ పద్ధతిలో వేసిన బొమ్మను దూరదృశ్య సూత్రాల కొలబద్దతో కొలిచి తప్పు పట్టడం కొలిచేవాడి అజ్ఞానమే అవుతుంది. పోటీ పెట్టేవారు ప్రతి బొమ్మకూ విద్యార్థి చేత నాలుగు వాక్యాలు రాయించుకోవడం, న్యాయనిర్ణేతల్లో వేరే సంప్రదాయం ఎరిగినవారిని ఒకరినైనా కూర్చోబెట్టడం ఈ లోటును కొంత పూడ్చగలవు.

పరాయి కన్ను ఎప్పుడూ అడ్డమే అవుతుందనీ అనలేం. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. కళాపాఠశాలకు దారి చూపినది ఆయనే, అడవి బాపిరాజుకు గురువూ ఆయనే. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన రామారావు ఆ కొద్ది కాలంలోనే ఆంధ్ర చిత్రకళకు ఒక బాణీ సమకూర్చాడు. అక్కడ పరాయివాడు గురువు, ఇక్కడ విద్యార్థే పరాయివాడు; తెలిసిన ఊరిని కొత్తగా చూడటానికి ఇద్దరి మధ్య ఉన్న ఆ ఎడమే రెండుచోట్లా పనికొచ్చింది.

మనుషులు కదలకుండా బొమ్మలు మాత్రమే ప్రయాణించే పోటీ మన దేశంలోనే ఉంది. కార్టూనిస్టు శంకర్ పిళ్లై 1949లో ఢిల్లీలో పిల్లల పోటీ ప్రారంభించి, మరుసటి ఏడాదే దాన్ని ప్రపంచ దేశాలన్నిటికీ తెరిచారు. పదహారేళ్లలోపు పిల్లల బొమ్మలకు, రచనలకు ఉద్దేశించిన ఆ పోటీకి వందకు పైగా దేశాల నుంచి ఎంట్రీలు వచ్చాయి. అందులో బహుమతిగా ఇవ్వమని హంగరీ రాయబారి ఒక ఆటబొమ్మను ఇచ్చారని, దాని అందం చూశాకే దేశదేశాల ఆటబొమ్మలు సేకరించాలన్న ఆలోచన శంకర్‌కు కలిగిందని, ఢిల్లీలోని అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం అలా పుట్టిందని చెబుతారు.

పోటీ ముగిశాక ఆ కాగితాలు ఏమవుతాయన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం. వచ్చిన బొమ్మలు తిరిగి పంపబడవని, నిర్వాహకుల సొత్తవుతాయని చాలా నిబంధనావళుల్లో ఒక వాక్యం ఉంటుంది. పోటీ కాకపోయినా, ఈ సందర్భంలో తలచుకోదగిన ఉదంతం ఒకటుంది. హిరోషిమాలో అణుబాంబు పేలిన చోటికి అర కిలోమీటరు లోపే హోంకావా ప్రాథమిక పాఠశాల ఉంది. యుద్ధానంతరం, 1947లో, వాషింగ్టన్‌లోని ఆల్ సోల్స్ యూనిటేరియన్ చర్చి పిల్లలు, పాస్టర్ ఎ. పావెల్ డేవిస్ ప్రోత్సాహంతో, పెన్సిళ్లు, రంగులు, కాగితాలు కలిపి అర టన్ను సామగ్రి పోగుచేసి హిరోషిమా బడిపిల్లలకు పంపారు. హోంకావా పిల్లలు అదే రంగులతో బొమ్మలు వేసి కృతజ్ఞతగా తిరిగి పంపారు. వాటిలో శిథిలాలు ఉంటాయనుకుంటే పొరపాటు. పూసిన చెర్రీ చెట్లు, ఆటలాడుతున్న పిల్లలు, ఎండ కాసిన రోజులు కనిపిస్తాయి. దశాబ్దాల పాటు చర్చిలోనే ఉండిపోయిన ఆ బొమ్మలను శుభ్రపరిచి, బాగుచేసి, 2010లో హోంకావా బడికి తీసుకువెళ్లి ప్రదర్శించారు. అప్పటికి డెబ్బై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న ఆనాటి విద్యార్థుల్లో కొందరు వచ్చి, గోడ మీద తాము వేసిన బొమ్మలు చూసుకున్నారు.